నాది కాదన్న మాట

కరవులో కొండల అవతలికి వలసపోయిన కుటుంబం ఆరేళ్ళకు తిరిగి వచ్చింది. ఇంటిపెద్ద కిహారా మాత్రం రాలేదు. ఆయన పరాయి గట్టు మీదే కన్నుమూశాడు. భార్య వైతిరా, పెద్దకొడుకు గచోకా వచ్చారు. వచ్చి చూస్తే, తాతలు హద్దు పొడవునా నాటిన ఇటోకా పూల మొక్కల మధ్య ఇనప మేకులు దిగి ఉన్నాయి. కొండవాలు మీది కిహారా వంశంవాళ్ళ ఆరు గట్లూ ఖాళీ నేలేననీ, ఇక మీదట అది తనదేననీ ఎర్రగడ్డం దొర అంటున్నాడు. ఖాళీదని ఆయనకు చెప్పిన నోరెవరిది? అది తేలలేదు. తేలకపోయేసరికి ఒక పొద్దున్న పెద్దలు మేకపోతును కట్టి, రాళ్ళతో దాని ఎముకలు విరగ్గొట్టారు. "మన మట్టిని పరాయివాడికి అప్పజెప్పిన నోరు ఇలాగే విరగాలి, వాడి పొయ్యి ఆరిపోవాలి" అంటూ ఒక్కొక్కరే రాయి దింపారు.

అందరికంటే గట్టిగా దింపినవాడు థైరు.

థైరుకు అక్కడ జానెడు నేల లేదు. అతను ముహోయి. ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో కిహారా తండ్రి దగ్గరికి చెరకు కల్లు బుర్ర మోసుకొచ్చి, "నాకింత చోటు చూపించండి" అని అడిగి, చూపించిన చోట గుడిసె వేసుకున్నాడు. ముహోయి శిస్తు కట్టడు. యజమాని ఇల్లు కప్పేటప్పుడు గడ్డి మోస్తాడు, కల్లు కాచినప్పుడు మొదటి బుర్ర ఆయనకు పంపుతాడు. చచ్చేదాకా ఉండొచ్చు, కొడుకులూ ఉండొచ్చు. నాది అని మాత్రం అనకూడదు. అన్ననాడు ఆ నేల వాణ్ణి మొయ్యదు.

కిహారా వలసపోతూ ఆరు గట్లనూ అతనికే అప్పజెప్పాడు. "నేనొచ్చేదాకా పొయ్యి ఆరనివ్వకు థైరూ" అన్నాడు. థైరు ఆరనివ్వలేదు. ఆ ఏడు గంజినీళ్ళు లేక ఇద్దరు మగపిల్లలు పోయారు. ఊళ్ళో పోయిన పిల్లలందరి లాగే వాళ్ళ శవాలనూ పొదల్లో దుమ్ములగొండ్లకు వదిలి వచ్చాడు. ఆకలికి ఎలుకల కోసం పెట్టుకున్న ఉచ్చులో ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. "మనమూ పోదాం, అవతల చిలగడదుంపలు దొరుకుతున్నాయట" అని భార్య న్యోకబీ కాళ్ళు పట్టుకుంది. పోలేదు. ప్రతి వానకూ ఇటోకా దుంపల చుట్టూ కలుపు తీసి, మట్టి ఎగదోసి, యజమాని దారి చూశాడు. అలాంటివాడు రాయి గట్టిగా దింపాడంటే వింతేముంది?

మర్నాడు పొద్దెక్కాక పెద్దలు వాగు ఒడ్డున ఉన్న, నేల కొలిచే గొలుసు దొర గుడారానికి బయల్దేరారు. ఎర్రగడ్డం దొర పంపాడు వాళ్ళని. "నన్నడగొద్దు. కొలిచినవాణ్ణి అడగండి. ఎవరు ఏం చెప్పారో అంతా ఆయన పుస్తకంలో ఉంది" అని తన కాపలావాడితో చెప్పించి, తలుపు వేసుకున్నాడు.

ముందు పెద్దల్లోకెల్లా పెద్దవాడు కబోగో ముసలాయన, వెనక వైతిరా, ఆమె వెనక గచోకా. అందరికంటే వెనక థైరు. ముహోయి నడవాల్సిన చోటు అదే. నడుస్తూ థైరు మనసులో పేర్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ వాగు అవతల మేకలు కాసుకునేవాడా? బిడారులకు చిక్కుళ్ళమ్ముకునే ఆ బట్టతలవాడా? ఎవడైతేనేం, వాడి పేరు ఈ పూట బయటపడుతుంది. పడితే ఆ మొహం మీద ఉమ్మెయ్యాలని నోట్లో ఉమ్మి కూడా కూడేసుకున్నాడు.

గుడారం ముందు గొలుసు పరిచి ఉంది. ఇద్దరు మనుషులు చివరలు పట్టుకుని కడ్డీ కడ్డీ తడుముతూ మట్టి దులుపుతున్నారు. కబోగో కర్ర ఆనించుకుని దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు.

"ఇంత పొడుగు గొలుసుతో దేన్ని కడతార్రా? ఏనుగునా?"

"భూమిని కడతారు తాతా" అన్నాడు కిమోథో. మనవాడే, పక్క గట్టువాడే. కుర్రతనంలో తుపాకుల బిడారు వెంట సముద్రం దాకా మూటలు మోసి, దొరల మాట నేర్చుకొచ్చాడు. ఇప్పుడు గొలుసు దొర నోరూ చెవీ వాడే. గుండీలు లేని ఖాకీ కోటొకటి తొడుక్కుంటాడు.

"భూమెక్కడికి పారిపోతుందిరా కట్టెయ్యడానికి?"

"భూమి పోదు తాతా. పోయేది మీరేగా."

గచోకా చెయ్యి కత్తి పిడి మీదకి వెళ్ళింది. వైతిరా వెనక్కి తిరక్కుండానే, "చెయ్యి తియ్యి" అంది. తీశాడు.

గొలుసు దొర ఎండలోనే దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. జ్వరం. మొహం పండిన అరటాకులా ఉంది. ఏదో తెల్లపొడి నాలిక మీద వేసుకుని, మొహం వికారంగా పెట్టి నీళ్ళు తాగాడు. చూస్తే థైరుకు జాలేసింది. చెడ్డవాడిలా లేడు. కష్టపడి నడిచే మనిషిలా, బూట్ల నిండా మట్టితో ఉన్నాడు. పరాయి దేశంలో రోగమొస్తే ఎవరికైనా తల్లే గుర్తొస్తుంది కదా అనుకున్నాడు.

కబోగో అడగాల్సింది అడిగాడు. కిమోథో దాన్ని అటు మోశాడు. దొర కాసేపు మాట్లాడాడు. కిమోథో ఇటు తెచ్చాడు.

"ఆయన సర్కారు మనిషి కాదట. ఎర్రగడ్డం దొర పిలిపించుకుంటే వచ్చాడట. కొలిచి, బొమ్మ గీసి, ఇక్కడున్న మనుషులు చెప్పింది చెప్పినట్టు రాస్తాడట. దాన్ని చూసి సర్కారు ముద్ర వేస్తుంది. నేను కొలిచేవాణ్ణే గానీ ఇచ్చేవాణ్ణీ లాక్కునేవాణ్ణీ కాను అంటున్నాడు."

"అయితే చదవమను. మా నేల ఖాళీదన్న మొగాడెవడో వినిపించమను."

దొర తోలు అట్టల పుస్తకం తెరిచి, తడి వేలితో కాగితాలు తిప్పాడు. ఒకచోట ఆగి చదివాడు. ఒక్కో ముక్కా కిమోథో చెబుతూ వచ్చాడు. మొదట వాడి గొంతులో ఎప్పటి ఎగతాళే ఉంది. రానురాను అది పోయింది.

"దక్షిణపు అంచున ఒక గుడిసె. పక్కన చిలగడదుంప, జొన్న చేను. అక్కడ ఒక మగమనిషి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ఈ నేల నీదా అని అడగ్గా, కాదన్నాడు. ఎవరిదని అడగ్గా, ఆ మనిషి ఇక్కడ లేడన్నాడు. ఎప్పుడొస్తాడని అడగ్గా, దేవుడికే తెలియాలన్నాడు. వేరే హక్కుదారు ఎవరూ లేరు. ఖాళీ నేల."

వాగు చప్పుడు వినబడుతోంది. గొలుసు దులిపేవాళ్ళు దులుపుతూనే ఉన్నారు.

అందరూ థైరు చేతి వైపు చూశారు. థైరు కూడా తన చేతినే చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు. నోట్లో కూడేసుకున్న ఉమ్మి మింగాడు.

ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. జొన్నకి పిట్టల్ని తోలుతున్నాడు. పొదలోంచి ఈ దొరే, ఈ కిమోథోనే, చెమటలు కక్కుకుంటూ వచ్చారు. దాహమన్నారు. న్యోకబీ అంబలి ఇచ్చింది. తాగి, దొర ఏదో అడిగాడు. "నేల నీదా?" అన్నాడు కిమోథో. థైరు నవ్వాడు కూడా. "నాదా? నాది కాదు బాబూ. నాకంత భాగ్యమా? కిహారాగారిది. ఆయన ఇప్పుడిక్కడ లేడు" అన్నాడు. యజమాని లేని సమయం చూసి నాదని చెప్పుకునే ముహోయిలు లేకపోలేదు. తాను అలాంటివాణ్ణి కానని ఆ రాత్రి తిండి దగ్గర న్యోకబీతో గొప్పగా చెప్పుకున్నాడు. దేవుడు న్గాయ్ ఉండే కిరిన్యాగా కొండ వైపు తిరిగి, "న్గాయ్, నా నోటిని శుభ్రంగా ఉంచావు" అని దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

"నేను... నిజమే చెప్పాను" అన్నాడు.

"నిన్ను నాన్నా అని పిలిచాను" అన్నాడు గచోకా. గొంతు పెద్దది చెయ్యలేదు. "మా నాన్న ఈడువాడివని, ఆయనతో పాటు మగవాళ్ళయ్యేనాటి సున్తీ కత్తి కింద కూర్చున్నవాడివని నాన్నా అన్నాను. నిన్న ఆ రాయి ఎంత బాగా దింపావు! నీ పక్కనే ఉన్నాను కదా. ఎముక విరిగిన చప్పుడు నీ రాయికే వచ్చింది."

"బాబూ, కిహారా పేరు కూడా చెప్పాను. కిమోథోనడుగు. చెప్పానా లేదా?"

కిమోథో నేల చూశాడు. "చెప్పాడు. దొరకి నేను చెప్పాను. లేని మనిషి పేరు రాయనన్నాడు. నేనేం చెయ్యను?"

కబోగో నెమ్మదిగా రాయి మీద కూర్చున్నాడు. నశ్యం బుర్ర తీసి, పీల్చకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. "వాడు తప్పు చెప్పలేదు గచోకా. అక్కడ నేనున్నా అదే చెప్పేవాణ్ణి. ముహోయి నోటికి ఆ ఒక్క మాటే నేర్పాం మనం. నాది కాదు, నాది కాదు. పుట్టినప్పటి నుంచీ అదే నేర్పి, ఇవాళ అదే ఎందుకన్నావంటే ఏం చెబుతాడు?"

"మరి నిన్నటి శాపం?"

ముసలాయన నశ్యం బుర్ర మూత బిగించాడు. "దింపిన రాయిని ఎత్తలేం. అది ఎవరి మీద పడాలో వాళ్ళ మీదే పడింది. నిజం చెప్పినవాడి మీద పడుతుందని మనకి తెలీదు. పైవాడికి తెలుసో లేదో, మరి నాకు తెలీదు."

కూర్చుంటే పెద్దలతో సమంగా కూర్చున్నట్టవుతుందని థైరు నిలబడే ఉన్నాడు. వాడి పొయ్యి ఆరిపోవాలి అని తన నోటితోనే అన్నాడు. కరవులో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుని మరీ నిలబెట్టిన పొయ్యి. దేవుడు నిజాన్నే మెచ్చుతాడని చిన్నప్పుడు తండ్రి చెప్పాడు. తండ్రి అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి ఎక్కడ తప్పింది? నిజం తప్పుడు మనిషి చెవిలో పడితే అది నిజం కాకుండా పోతుందా? అడగడానికి ఎవరూ లేరు. కొండ మబ్బుల్లో ఉంది ఆ పూట.

వైతిరా ఒంటికి చుట్టుకున్న తోలు సవరించుకుని కిమోథో ముందుకు వెళ్ళింది.

"ఒరే కిమోథో, మీ అమ్మ నిన్ను కన్నప్పుడు బొడ్డు కోసింది నేను. నా వైపు చూసి చెప్పు. రాసింది కొట్టెయ్యడానికి వీల్లేదా?"

కిమోథో అడిగాడు. దొర పుస్తకం మూయబోయి ఆగాడు. వైతిరా మొహంలోకి చూశాడు. తర్వాత వేలితో గాలిలో గీత గీస్తూ చాలాసేపు చెప్పాడు.

"ఒక దారి ఉందంటున్నాడమ్మా. మూడు పక్కలు కొలవడం అయింది. నాలుగోది, దక్షిణపు పక్క, ఇవాళ పూర్తి చేస్తాడు. అది పూర్తయ్యాక పుస్తకం కట్టేసి రేపు పొద్దున్నే రైలు స్టేషనుకి పోతాడు. గీత మూసేలోగా, కొలిచేటప్పుడు ఇక్కడ పొయ్యి వెలిగించుకున్న మనిషి వచ్చి, ఆ గుడిసె, ఆ చేను నావే, అప్పుడు భయపడి కాదన్నాను అంటే రాసుకుంటాడట. అలాంటి చేను చుట్టూ గీత వంచి, దొర భూమిలోంచి తప్పించాలని సర్కారు రూలు."

"నేనంటాను" అన్నాడు గచోకా. "నాది అని నేనంటాను. నాదే కదా!"

"నువ్వప్పుడు లేవు. తర్వాత వచ్చినవాళ్ళ మాట రాయడు. పుస్తకంలో ఉన్న మనిషి మాటను పుస్తకంలో ఉన్న మనిషే మార్చాలి."

ఒక్కసారి అందరూ మళ్ళీ థైరు వైపు తిరిగారు. ఈసారి చేతి వైపు కాదు, నోటి వైపు.

"అను" అంది వైతిరా.

థైరు వెనక్కి అడుగు వేశాడు. "గచోకా తల్లీ, ఆ మాటొక్కటీ అడక్కు. అది నేనెలా అంటాను? కిహారా నా నెత్తిన చెయ్యి పెట్టి..."

"కిహారా చచ్చిపోయాడు. గోతిలో పెట్టేముందు ఆయన కాళ్ళు నేనే ముడిచాను. అను. ఆరు గట్లు పోయాయి, ఒక చేను మిగులుతుంది. అందులో చిక్కుడు నాటుకుని నా కొడుకు పిల్లలు బతుకుతారు. నీ నాలిక శుభ్రం తింటారా వాళ్ళు?"

"ఆగమ్మా" అన్నాడు కబోగో. "ఊరికే అంటే అబద్ధం. హద్దు దగ్గర చెప్పిన అబద్ధం ఏడు తరాల్ని తింటుంది. కానీ అబద్ధం కాకుండా చేసుకునే దారి ఉంది. పొట్టేలును కోసి, దాని తోలు పేలిక చేతికి కట్టి, థైరును కిహారా ఇంట్లో పుట్టించుకోండి. పరాయివాణ్ణి మన ఇంటివాణ్ణి చేసుకోవడం మనకు కొత్త కాదు. అప్పుడు వాడు కిహారాకి తమ్ముడు. తమ్ముడు నాదంటే తప్పులేదు. పొట్టేలు నేనిస్తాను. పొద్దు వాలేలోగా అయిపోతుంది." ఆయన గచోకా వైపు చూశాడు. "పుట్టించాల్సింది మాత్రం ఇంటి పెద్దకొడుకు."

గచోకా నవ్వాడు. ఇరవయ్యేళ్ళవాడి నవ్వులా లేదది.

"మా తాతకి మా నాన్న ఒక్కడే. తాత పోయిన ఇన్నేళ్ళకి ఆయనకి ఇంకో కొడుకు పుడుతున్నాడా? అదీ మా మట్టి పోగొట్టినవాడు! ఎంత బాగా కుదిరింది! యజమాని లేనప్పుడు కాదంటాడు, యజమాని వచ్చాక అవునంటాడు. రెండుసార్లూ ఆ గుడిసెలో ఉండేది ఎవరు? వాడే. ఎలా చూసినా పోయేది మేమూ, మిగిలేది వాడూ. తాతా, నాకు చదువు రాదు గానీ ఇంతమాత్రం అర్థమవుతుంది."

"గచోకా!" అంది తల్లి.

"నేను పేలిక కట్టను. కట్టకుండా వాడు ఆ మాటంటే, వాడు దొంగ. వాడికీ ఆ ఎర్రగడ్డానికీ తేడా లేదు."

దొర లేచాడు. దుప్పటి పడేసి టోపీ పెట్టుకున్నాడు. మూడు కాళ్ళ యంత్రాన్ని ఒకడు భుజానికెత్తుకున్నాడు. గొలుసువాళ్ళు గొలుసు పోగేసుకున్నారు. ఎవరి బాధ ఏదైనా నాలుగో పక్క కొలవాలి కదా.

దక్షిణపు హద్దు మీద ఆ మధ్యాహ్నమంతా అదే పని. ఒకడు జెండా పాతుతాడు. దొర ఒక కన్ను మూసి యంత్రంలోంచి చూసి చెయ్యి ఊపుతాడు. గొలుసు చాచి, మేకు గుచ్చి, మళ్ళీ చాచుతారు. అడ్డొచ్చిన పొదను నరుకుతారు. ఇటోకా మొక్కలు అడ్డొచ్చినా నరుకుతారు. వాళ్ళు పరాయి ఊళ్ళ కూలీలు, వాళ్ళకేం తెలుసు? తెగిన దుంపల్లోంచి జిగురు కారుతోంది. తెల్లటి రేకుల మీద ఎర్రటి చారలున్న పూలు బురదలో తొక్కుడుపడ్డాయి. గొలుసు వెంటే కబోగో, వైతిరా నడిచారు. గచోకా కాస్త దూరంగా. థైరు ఈసారి కూడా వెనకే నడిచాడు. వంగి, తెగిన ఇటోకా దుంపను ఒకదాన్ని తీసి మళ్ళీ మట్టిలో గుచ్చి అదిమాడు. అలవాటు. తర్వాతదీ అలాగే చేశాడు. మూడోదాని దగ్గర ఎవరి కోసం చేస్తున్నానని తట్టి, చేతిలో దుంపతో అలాగే నిలబడిపోయాడు.

గుడిసె కనబడింది. న్యోకబీ గడపలో నిలబడి ఉంది. సంగతి ఆమెకు ముందే చేరినట్టుంది, మొహం చూస్తే తెలుస్తోంది.

"ఆనాడే చెప్పాను" అంది మొగుడు దగ్గరికి రాగానే, మెల్లగా. "ఎవడో దారినపోయేవాడు అడిగితే ఊఁ అనో ఆఁ అనో ఊరుకోవయ్యా అని. విన్నావా? నిజం నిజమని ఎగిరావు. నా పిల్లలు పోయినప్పుడూ అంతే. మాట, మాట. నీ మాట ఎంతమందిని తినాలి?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

ఆమె తల అటు తిప్పుకుంది. "నన్నడుగుతావేం? ఇన్నేళ్ళలో ఎప్పుడడిగావు?"

దొర చివరి మేకు దగ్గర ఆగాడు. సుత్తి ఎత్తబోతున్నవాణ్ణి చెయ్యెత్తి ఆపి, కిమోథోతో ఏదో అన్నాడు. పుస్తకం తెరిచాడు.

"థైరు మామా" అన్నాడు కిమోథో. ఎగతాళి ఎక్కడా లేదు. "ఇదే ఆఖరు. అడగమంటున్నాడు. ఈ గుడిసె, ఈ చేను ఎవరివి?"

థైరు చేను వైపు చూశాడు. జొన్న కంకులు గోధుమరంగు తిరుగుతున్నాయి. పిట్టలు వాలుతున్నా తోలేవాళ్ళు లేరు. నిజం చెప్పినందుకు శాపం తగిలింది. అబద్ధం చెబితే దానికింకా ఏం మిగిలింది తగలడానికి? ఉన్నదల్లా తనూ, న్యోకబీ. ప్రాణం తప్ప కొత్తగా పోయేది లేదు. కానీ ఆవిడ మనవలు చిక్కుడు తింటారంది. ఇంకా పుట్టని పిల్లలు. ఆకలి అంటే ఎలా ఉంటుందో థైరుకు తెలుసు. వాళ్ళకి తెలియాల్సిన పని లేదు.

న్గాయ్, అనుకున్నాడు, నువ్వు నా నోటిని శుభ్రంగా ఉంచావని దణ్ణం పెట్టాను. ఇక ఉంచనక్కర్లేదు. దీనికి నువ్వు పూచీ కాదు.

"నాది" అన్నాడు.

అది ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాడు. "నాదే. ఆ రోజు భయపడ్డాను. గుడిసె నాది. చేను నాది."

వైతిరా కళ్ళు మూసుకుంది. కబోగో నేల మీద ఉమ్మి వేశాడు, కీడు తగలకుండా. గచోకా కదల్లేదు. దొర పెన్సిలు కాగితం మీద గరగర పాకింది. ఎంత తేలిగ్గా రాశాడో! ఆరు గట్లను పోగొట్టడానికీ, ఒక చేను మిగల్చడానికీ పట్టింది ఒకటే సేపు.

"హద్దు చూపించమంటున్నాడు."

థైరు ముందు నడిచాడు. జీవితంలో మొదటిసారి అందరికంటే ముందు నడిచాడు. ఇటోకా వరస వెంట వాగు దాకా పోబోయాడు. కిమోథో చెయ్యి పట్టుకుని ఆపాడు. "అంత కాదు మామా. దున్ని ఉన్నంతవరకే." జొన్న ఎక్కడ ఆగిందో అక్కడే గొలుసు ఆగింది. నాలుగు మూలలా నాలుగు మేకులు దిగాయి. ఇటు నిలబడి దగ్గితే అటు వినబడేంత చోటు. ఆరు గట్లలో అది మిగిలింది.

అయినా మిగిలింది. వైతిరా మొదటి మేకు దగ్గర కూలబడి, మట్టి చేత్తో తీసి వాసన చూసుకుంది. థైరు ఆమెను చూసి, ఈ పాపం ఇందుకైతే పరవాలేదేమో అనుకున్నాడు. అలా అనుకున్నది ఒక ఊపిరి తీసినంతసేపే.

దొర పుస్తకం మూయలేదు. పెన్సిలు మొన నాలికకు తడిచేసుకుని, వైతిరాను, గచోకాను మార్చి మార్చి చూశాడు. ఏదో అడిగాడు. కిమోథో వెంటనే చెప్పలేదు. దొర మళ్ళీ అడిగాడు.

"ఏమంటున్నాడురా?" అన్నాడు కబోగో.

"గీత లోపల ఉండేవాళ్ళ పేర్లు రాయాలట" అన్నాడు కిమోథో, ఎవరి మొహమూ చూడకుండా. "యజమాని, వాడి పెళ్ళాం పిల్లలు, వాడు చోటిచ్చి ఉంచుకున్న ముహోయిలు. అంతే. ఇంకెవరున్నా వాళ్ళు గీత బయటివాళ్ళు. బయట నేలంతా ఎర్రగడ్డం దొరది. అక్కడ ఉండాలంటే ఆయన తోటలో కూలికి వేలిముద్ర వెయ్యాలి. లేదంటే రేపు పొద్దుటికి పోవాలి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అందరికంటే ముందు గచోకాకు అర్థమైంది. కత్తి ఒరలోంచి సగం వచ్చింది. ఈసారి తల్లి చెయ్యి తియ్యమనలేదు. ఆమె చేతిలో మట్టి అలాగే ఉంది. తల వంచుకుని నేల చూస్తోంది.

"అను" అన్నాడు గచోకా. నాలుగంగల్లో వచ్చి థైరు ఎదురుగా నిలబడ్డాడు. వాడి ఊపిరి థైరు మొహానికి తగులుతోంది. "మా తాత దగ్గరికి కల్లు బుర్ర మోసుకొచ్చిన నోటితోనే, మేం నీ ముహోయిలమన్న మాట కూడా అను. వింటాను."

గొలుసువాళ్ళు దక్షిణపు హద్దు చివరి మేకు మీద సుత్తి ఎత్తి చూస్తున్నారు. దొర పెన్సిలు కాగితానికి ఆనించి ఉంచాడు.

"థైరు మామా, రాసుకోవాలట" అన్నాడు కిమోథో. "ఈవిడా, ఈ అబ్బాయీ నీకేమవుతారు?"